రెండు గదుల ఆకు

ధోళి అనే ఆ మేక జమునది కాదు. జోల్వా కాలువ గట్టు వెంట మందను తోలుకుని తిరిగే జీవీ బా అనే భర్వాడ్ ముసలామెది. కానీ దాని పొదుగులోని పాలు మాత్రం జమున కూతురు సాయిప్రియవి.

సాయిప్రియకు ఏడాదిన్నర. బర్రెపాలు పోస్తే కక్కింది. ప్యాకెట్ పాలు పోస్తే ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. సూరత్‌లో పిల్లల డాక్టర్ అన్నీ చూసి, "మేకపాలు పట్టి చూడమ్మా" అన్నాడు. మగ్గాల షెడ్ల మధ్య మేకపాలు ఎక్కడ పుడతాయని జమున ఏడుస్తూ కాలువ గట్టున నడిచి వస్తుంటే, ఎదురొచ్చిన జీవీ బా ఏడుపు సంగతి అడిగి తెలుసుకుంది. మర్నాడు పొద్దున్నే తెల్లటి పాడిమేకను గది ముందుకు తెచ్చి నిలబెట్టింది. జమున పుట్టింటి వైపు, జగిత్యాల దిక్కున, దీన్ని పాలుకు పట్టడం అంటారు. మేపినవాళ్ళకు పాలు, ఈనిన పిల్లల్లో చెరి సగం. గుజరాత్‌లోనూ అదే పద్ధతి ఉందని తెలిసి జమునకు సగం బెంగ తీరింది.

ముసలామె ఒక్కటే షరతు పెట్టింది. "బాంధీశ్ నహీ, దీకరీ. ఫర్వా దే." కట్టెయ్యకు బిడ్డా, తిరగనియ్యి అని.

జమున తల ఊపింది. ముసలామె మలుపు తిరగగానే మేకను గుంజకు కట్టేసింది.

ఏం చేస్తుంది మరి? కాలువ రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు రెండేసి ట్రాలీలతో పోతుంటాయి. కాలువలో నీళ్ళున్నాయి. సందులో కుక్కలున్నాయి. జమునకు భయపడటానికి కారణాలు వెతుక్కోవలసిన పని లేదు, అవే ఆమెను వెతుక్కుంటూ వస్తాయి. పిల్ల నిద్రపోతుంటే ముక్కు కింద వేలు పెట్టి చూసేది. పిల్ల మెతుకు వద్దంటే గిన్నె పట్టుకుని వాకిలంతా తిరిగేది. అప్పటికీ నోరు తెరవకపోతే ముక్కు మూసి పోసేది. పక్క గదిలో ఉండే సారక్క ఆ తతంగం చూసి, నూలు చుట్టే బాబిన్ ఆపి మరీ అరిచేది.

"ఓ పోరీ! అది కడుపా, వడ్ల గుమ్మా? గట్ల కూరుతవేందే?"

"తినకుంటె ఎట్లక్కా? సూడు, చేతులు పుల్లల తీర్గ ఉన్నయి."

"నువ్వు పోస్తవు, అది కక్కుతది. నువ్వు మళ్ళ పోస్తవు. ఇద్దరికి ఇద్దరు సరిపోయిండ్రు."

సారక్కది జమున ఊరికి పది కోసుల దూరం. ఇక్కడ ఇద్దరూ ఒకే గోడకు అటూ ఇటూ. జమున భర్త సోమలింగం కడోదరా రోడ్డు మీది రంగుల మిల్లులో, అస్తరు గుడ్డకు బ్లీచింగ్ పెట్టే చోట పనిచేస్తాడు. వాళ్ళకున్నది ఒకటే గది. స్నానం చేసే మూలకు అడ్డంగా జమున ఒక పరదా కుట్టుకుంది. సోమలింగం మిల్లు నుంచి తెచ్చిన రెండు ఖాళీ సంచులు విప్పి కుట్టిన పరదా అది. దాని మీద నీలం రంగులో పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు. ఏడో తరగతి సగంలో బడి మాన్పించి బీడీల చాటముందు కూచోబెట్టినా, ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివే పాటి ఇంగ్లీషు ఆమెకు మిగిలింది. హైపో.

మేకకు మేత కోసం జమున రోజూ పొద్దున కాలువ గట్టుకు పోయేది. షెడ్ల వెనక, గట్టు వాలులో, నాలుగైదు తుమ్మ పొదలున్నాయి. అవంటే ఆమెకు వింత ఇష్టం. ఎవరూ నీళ్ళు పోయరు. పక్కనే మిల్లుల రంగునీళ్ళ మురికికాలువ, ఒకనాడు ఎర్రగా, ఒకనాడు ఊదాగా. ట్రాక్టర్ల దుమ్ము, చెరుకు తోటలు కాల్చిన మసి, అన్నీ ఆ తుమ్మ మీదే. కాలువ పనివాళ్ళు ఏటా మొదలంటా నరికిపోతారు. అది నెల తిరక్కుండా మళ్ళీ చిగురిస్తుంది. వంకర టింకర కొమ్మ, ప్రతి వంకర దగ్గరా తెల్లటి జంట ముళ్ళు, గోరింటాకు కంటే సన్నని ఆకులు. ఫాల్గుణం వచ్చేసరికి ఒళ్ళంతా పసుపుముద్దల్లాంటి గుండ్రటి పూలు. మిల్లుల ఆవిరిని కూడా నెట్టుకుని ఆ పూల వాసన ముక్కుకు తగులుతుంది, అత్తరు దుకాణం ముందు నుంచి నడిచినట్టు. అక్కడ నిలబడ్డ నిమిషం సేపు జమున గుండె దడదడమనదు. ఇన్ని దెబ్బలు తిని ఇంత ధీమాగా ఎట్లా ఉంటుందో ఇది, అనుకునేది.

ఒకసారి సారక్కకు ఒక కొమ్మ తెచ్చి చూపించింది. సారక్క పువ్వు వాసన చూసి కళ్ళు మూసుకుంది. కొమ్మ విరిచి వాసన చూసి ముక్కు మూసుకుంది.

"ఇది మన నల్లతుమ్మ గాదే. కంపుతుమ్మ. పువ్వేమో పెండ్లిపిల్ల, కట్టెనేమో పెంటకుప్ప!"

"తుమ్మ తుమ్మే గదక్కా. మన దిక్కు మేకలు తుమ్మాకు తినే బతుకుతయి."

"ఏమో మల్ల. రోజింత తింటాంది గదా, తిననీ."

నిజమే. రోజుకు ఓ గుప్పెడు రెమ్మలు, మిగతాది చెరుకు ఆకూ తౌడూ. ధోళికి ఏమీ కాలేదు. పాలు బాగానే ఇచ్చింది. సాయిప్రియ బుగ్గలు కొంచెం నిండాయి.

హోలీకి రెండు రోజుల ముందు జమునకు ఒక ముందుచూపు పుట్టింది. పండగ రోజుల్లో గట్టు మీద తాగిన మొగవాళ్ళు ఉంటారు, పోవటం కుదరదు, మూడు రోజుల మేత ఒకేసారి కోసి పెట్టుకుందామని. నెల కిందట కాలువ పనివాళ్ళు నరికిన మొదళ్ళ నుంచి మోకాలెత్తున లేత పిలకలు లేచి ఉన్నాయి. ముల్లు ఇంకా మెత్తగానే ఉంది. కొడవలితో కోస్తే వెన్నలా తెగాయి. పెద్ద మోపు అయింది.

ఇంటికొచ్చి, పిలకలు ఎండిపోకుండా ఎట్లా దాచాలా అని ఆలోచించింది. చేతులు వాటంతటవే దారి చూపించాయి. పదేళ్ళు తునికాకుతో బతికిన చేతులవి. బీడీలు చుట్టే ఆకును ముందురోజు నీళ్ళు చల్లి, తడిబట్టలో బిగించి చుట్టి పెడతారు. తెల్లారేసరికి పెళుసుతనం పోయి, కత్తెర కింద పట్టులా లొంగుతుంది. జమున తుమ్మ పిలకలకూ అదే మర్యాద చేసింది. నీళ్ళు చల్లింది. తడిపిన పాత ధోవతిలో చుట్టింది. చీరల కట్టలు ప్యాక్ చేసే పెద్ద ప్లాస్టిక్ సంచిలో కూరి, మూతి బిగించి కట్టింది. రేకుల గదిలో తలుపు వెనక నిలబెట్టింది. పల్లెలో ఎవరూ తుమ్మ రెమ్మలను ఇట్లా మూటగట్టరు, దడికి వేలాడదీస్తారు. భర్వాడ్లు అసలు కోయనే కోయరు. తునికాకుతో పెరిగి, ప్లాస్టిక్ సంచుల మధ్య కాపురం పెట్టిన మనిషికి తప్ప ఈ ఆలోచన రాదు.

మర్నాడు సాయంత్రం నాలుగు గంటలకు మూట విప్పింది. లోపలి నుంచి వెచ్చటి ఆవిరి కొట్టింది. ఆకు వాడి, వాలి, అచ్చం చుట్టడానికి సిద్ధమైన తునికాకులా మెత్తబడింది. ఏదో చేదు వాసన కూడా లీలగా తగిలింది. పళ్ళు తోముకునే పొడి వాసనేమో అనుకుంది.

పొద్దుటి నుంచి గుంజకు కట్టి ఉన్న ధోళి ఆకలి మీద ఉంది. ఆబగా నాలుగు నోళ్ళు తింది. తరవాత మొహం పక్కకు తిప్పుకుంది.

"ఏందే, నీకు గూడ నఖరాలేనా? తిను తల్లీ. నువ్వు తింటెనే నా బిడ్డకు పాలు."

మేక తినలేదు. జమున తౌడు చల్లింది. ఉప్పు చల్లింది. చెవి పట్టుకుని, గడ్డం నిమిరి, చేత్తో నోటికి అందించింది. బతిమాలీ బామాలీ సగం మోపు తినిపించింది. అది నములుతుండగానే కింద కూచుని పాలు పితికి, అక్కడే సాయిప్రియకు గ్లాసు అందించింది. పిల్ల రెండు గుక్కలు తాగి, మేకలాగే మొహం తిప్పుకుంది. జమున పిల్ల ముక్కు మీదకు చెయ్యి తీసుకుపోతోంది.

అప్పుడు వెనక దబ్బుమని చప్పుడైంది.

ధోళి ముందుకాళ్ళు మడతపడి ఉన్నాయి. మెడ వెనక్కి లాగేస్తోంది. నోరు తెరిచి గాలి కోసం ఎగబీలుస్తోంది, చుట్టూ ఉన్న గాలంతా చాలనట్టు.

"అక్కా! సారక్కా!"

సారక్క బాబిన్ పడేసి వచ్చింది. వంగి మేక పెదవి పైకెత్తి చూసింది. చిగుళ్ళు కుంకుమ పూసినట్టు ఎర్రగా ఉన్నాయి. ఆమె మొహం మారిపోయింది.

"ఓయమ్మో! గిది నాము గొట్టిన గొడ్డు తీర్గనే ఉన్నది గదనే!"

నాము అంటే జమునకూ తెలుసు. కోసిన జొన్న మొదళ్ళకు మళ్ళీ మొలిచే పిలక. వానల్లేని ఏడు అది తిన్న ఎద్దు అక్కడికక్కడే పడిపోవటం చిన్నప్పుడు కళ్ళారా చూసింది.

"ఈడ జొన్న ఏడిదక్కా? తుమ్మాకే పెట్టిన..."

"ఏదైతెంది! నేను బెల్లం నీళ్ళు పోస్త. నువ్వు పాల మండలి కాడికి ఉరుకు. పసుల డాక్టర్ జీపు వచ్చే యాళ్ళ. ఉరుకు పోరీ!"

జమున రెండడుగులు వేసి నిలిచిపోయింది. మంచం మీది గ్లాసు కనబడింది. దాని అంచున పాల నురుగు ఇంకా ఆరలేదు. పిల్ల రెండు గుక్కలు తాగింది. పిల్లను చంకనెత్తుకుని పరుగెత్తింది. దారి పొడుగునా దారి చూడలేదు, పిల్ల పెదవులే చూసింది. ఎర్రబడుతున్నాయా? ఎప్పుడూ ఇంతే ఎరుపా? ఇన్నాళ్ళూ పక్కలోనే పెట్టుకుని పడుకున్న పిల్ల పెదవుల రంగేమిటో ఆమెకు ఎంతకూ గుర్తు రాలేదు.

పాల మండలి ముందు క్యాన్లతో ఆడవాళ్ళ వరస. జీపు ఉంది. పడుచు డాక్టర్ బల్ల మీద ఏదో రాసుకుంటున్నాడు. వరసలో జీవీ బా కూడా ఉంది, ఆవుపాల బిందెతో. ఆమెను చూడగానే జమున చూపు తిప్పుకుని డాక్టర్ బల్ల వైపు నడిచింది.

"సాబ్, మేక పడిపోయింది, ఊపిరాడుత లేదు," అంది హిందీలో.

"ఏం తిన్నది?"

జమున చీర కుచ్చిళ్ళలో చిక్కుకున్న తుమ్మ రెమ్మను పీకి ఇచ్చింది. డాక్టర్ దాన్ని నలిపి వాసన చూశాడు. వెంటనే పెట్టె తీసుకుని జీపులో డ్రైవర్ పక్కన ఎక్కాడు. జీవీ బా బిందెను ఎవరి చేతిలోనో పెట్టి, గాఘ్రా ఎత్తి పట్టుకుని వెనకాల ఎక్కేసింది.

జీపు కదిలాక జమున అసలు సంగతి చెప్పింది. "సాబ్... ఆ మేక పాలు మా పాప తాగింది. ఆకు తినేటప్పుడు పితికిన పాలు."

డాక్టర్ వెనక్కి తిరిగి పిల్ల కంటి రెప్ప లాగి చూశాడు, గోళ్ళు చూశాడు. సాయిప్రియ అతని వేలు పట్టుకుని కొరకబోయింది.

"ఎంతసేపైంది?"

"అరగంట."

"అరగంటయ్యాక కూడా నన్ను కరుస్తోందంటే భయం లేదమ్మా. ఆ విషం ఇంతసేపు ఆగే రకం కాదు. అది పాలదాకా దిగే లోపలే మేక పడిపోయింది. మిగిలిన పాలు పారబొయ్యి. అయినా పిల్లను కాసేపు నా ఎదురుగా ఉంచు."

గది దగ్గర ధోళి పక్కకు ఒరిగి ఉంది. సారక్క దాని తలను ఒళ్ళో పెట్టుకుని, బెల్లం నీళ్ళు గుటకలు వేయిస్తోంది. "మంచి పని చేశారు," అన్నాడు డాక్టర్. మెడ దగ్గర ఒక సూది వేశాడు. పెట్టెలో ఇంకేదో వెతికాడు. ఒక ఖాళీ సీసా తీసి, దాన్ని చూసి పళ్ళు కొరికాడు.

"రెండో మందు అయిపోయింది. హైపో కావాలి. బార్డోలీ పోయి తేవాలి."

బార్డోలీ పోయి రావటమంటే గంటన్నర. మేక గంటన్నర ఆగేలా లేదు. జీవీ బా దాని పక్కన కూలబడి చెవిలో ఏదో చెబుతోంది. జమున ఒక మాట దగ్గరే ఆగిపోయింది.

"సాబ్. హైపో అంటే... గా హైపోనేనా?"

వేలెత్తి చూపించింది. తెరిచి ఉన్న తలుపులోంచి, స్నానాల మూలకు అడ్డంగా వేలాడుతున్న పరదా. నీలం అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి, కుట్టేటప్పుడు జమున చూసుకోలేదు. డాక్టర్ మెడ వంచి చదివాడు. పెద్దగా నవ్వేశాడు.

"ఇది ఏ మిల్లుది?"

"మా ఆయన పనిచేసే మిల్లు. రోడ్డు దాటితే వస్తది."

"జీపు తీసుకుపో. రెండు గుప్పెళ్ళు చాలు. తడి తగలకుండా తీసుకురా."

జమున జీపు వైపు తిరిగి, మళ్ళీ ఆగింది. పిల్లను ఎదురుగా ఉంచమన్నాడు. మిల్లు గేటు దగ్గరికి పిల్లను తీసుకుపోనివ్వరు. పుట్టింది మొదలు సాయిప్రియను ఎవరి చేతికీ ఇచ్చి ఎరగదు. జీవీ బా అది గమనించింది. మేక పక్కనే కూచుని రెండు చేతులూ చాచింది. నల్లటి పచ్చబొట్ల చేతులు. జమున పిల్లను ఆ చేతుల్లో పెట్టి, వెనక్కి చూడకుండా జీపెక్కింది. వెనక్కి చూస్తే పోలేనని ఆమెకు తెలుసు.

మిల్లు గేటు దగ్గర కాపలావాడు ఆపాడు. జమున కేకలకు లోపలి నుంచి ఎవరో ఎవరికో చెప్పారు. సోమలింగం తడి చేతులతో, నడుముకు గోనెగుడ్డతో పరుగెత్తుకొచ్చాడు. మొహం తెల్లగా ఉంది.

"పిల్లకేమైందే?"

"పిల్ల మంచిగుంది. మేక పడ్డది. హైపో గావాలె, రెండు గుప్పెళ్ళు. జల్ది!"

"హైపోనా? మేకను ఉతుకుతవా ఏందే?"

"డాక్టర్ గావాలన్నడయ్యా! అది సచ్చిపోతాంది, నిలవడి ముచ్చట్లు పెడతవేంది!"

అతను లోపలికి పరుగెత్తాడు. కలర్ మాస్టర్‌ను అడిగి, పొడి డబ్బాలో తెచ్చాడు. పటికబెల్లం పలుకుల్లాంటి తెల్లటి గింజలు. తానూ జీపులో ఎక్కేశాడు.

డాక్టర్ ఒక గింజ వేళ్ళతో నలిపి చూశాడు. "సూదికి పనికిరాదు. నోట్లో పోయడానికి ఫరవాలేదు." నీళ్ళలో కలిపి, సారక్క తెచ్చిన సీసాతో మేక నోటి మూల నుంచి కొంచెం కొంచెంగా పోశాడు. తరవాత లేచి చేతులు కడుక్కున్నాడు.

"ఇక చూడటమే."

చూశారు. పక్క షెడ్లో మగ్గాలు ఒకే తీరుగా కొట్టుకుంటున్నాయి. జమునకు మేక డొక్క తప్ప ఏమీ కనబడలేదు. అది ఎగిరెగిరి పడుతోంది. ఒకసారి ఎగిరి, ఆగిపోయింది. డొక్క మళ్ళీ లేచింది, ఈసారి నెమ్మదిగా. మళ్ళీ లేచింది. చెవి ఆడింది. ఎండ వాకిలి దాటి గోడ ఎక్కేసరికి ధోళి తల ఎత్తింది, గట్టిగా ఒక త్రేన్పు త్రేన్చింది, నాలుగు కాళ్ళ మీద ఊగుతూ లేచి నిలబడి అందరి ముందూ ఉచ్చ పోసింది.

"హమ్మయ్య!" అంది సారక్క. "ఇగ దీనికి సిగ్గుశరం గూడ వాపసచ్చినంక పాలు పిండుదం."

జమున అప్పుడు తిరిగి చూసింది. సాయిప్రియ జీవీ బా ఒళ్ళో కూచుని, ముసలామె కొంగున కట్టుకున్న సజ్జరొట్టె ముక్కను రెండు చేతులతో పట్టుకుని కొరుకుతోంది. ఎవరూ పెట్టటం లేదు. ఎవరూ ముక్కు మూయటం లేదు. సగం తిని, మిగతాది కింద పడేసి, చేతులు దులుపుకుంది.

డాక్టర్ పోయే ముందు తుమ్మ పిలకను చేతిలోకి తీసుకున్నాడు. అతని గొంతులో కోపం లేదు, ఎవరో గొప్పవాళ్ళ గురించి చెబుతున్నట్టుంది.

"దీని ఆకులో విషం లేదమ్మా. తెలుసా? విషం చేసే రెండు సామాన్లు మాత్రమే ఉంటాయి. రెండూ వేరువేరు గదుల్లో. ఎవరి జోలికీ పోవు. పశువు వచ్చి కసుక్కున కొరికితే మధ్య గోడ కూలుతుంది. రెండూ కలుస్తాయి. అప్పుడు పుడుతుంది విషం, కొరికినవాడి నోట్లోనే. జొన్న పిలకలో ఉండేది కూడా ఇదే. లేత పిలకలో మరీ ఎక్కువ. నరికారు కదా, మళ్ళీ నరకకుండా కాపలా పెంచుకుంది. నువ్వేమో తడిపి, మూటగట్టి, వేడి మీద మగ్గబెట్టావు. లోపలి గోడలన్నీ నానిపోయాయి. కొరక్కముందే సగం తయారైంది."

సోమలింగం నోరు తెరుచుకుని విన్నాడు. "మా మిల్లుల హైడ్రో పొడి, యాసిడ్ ఒక్క గోదాంల పెట్టరు సాబ్. కలిస్తె పొగ లేసి మనుషులు పడిపోతరు. గట్లనా?"

"అచ్చం అట్లనే."

"ఈ చెట్టుకు ఎవడు నేర్పిండు సాబ్? మా మాస్టర్ ఇరవై ఏండ్లు పని జేసి నేర్చుకున్నడు."

"మరి హైపో ఏం జేసింది?" అంది సారక్క.

"ఈయన మిల్లులో, గుడ్డలోని బ్లీచింగును ఏం చేస్తుందో అదే. విషాన్ని పట్టి విరిచేసింది."

జమున ఆ ఆకును అరచేతిలో పెట్టుకుని చూసింది. గోరంత కూడా లేదు. మనుషులం ముగ్గురికి ఒకటే గది, దీనికి రెండు, అనుకుంది. పరుగెత్తడానికి కాళ్ళు లేవు, తరమడానికి చేతులు లేవు. తన పిలకలను కాచుకోవడానికి ఎంత ఉపాయం పన్నింది! ఆ విషంతో తనను తాను కాల్చుకోకుండా మధ్యలో గోడ కూడా కట్టుకుంది. తన భయాలకు అట్లాంటి గోడ ఒక్కటి లేదు. అన్నీ ఒకే గదిలో కలిసి రాత్రీ పగలూ తననే తింటున్నాయి.

జీపు వెళ్ళిపోయాక, జీవీ బా ముందు కూచుని అంతా ఒప్పుకుంది. మేకను కట్టేసిన సంగతి, చెవి పట్టి తినిపించిన సంగతి. మేకను తోలుకుపోతానంటుందేమో అనుకుంది. ముసలామె తిట్టలేదు. ఒక్కటే అడిగింది.

"మొహం తిప్పుకునే ముందు ఎన్ని నోళ్ళు తింది?"

"నాలుగు, బా."

"నాలుగు!" ముసలామె ధోళి నుదురు మీద చిన్నగా తట్టింది, పరీక్ష పాసైన మనవరాలిని తట్టినట్టు. "ఈ చెట్టూ బావళే, మీరనే తుమ్మే, కానీ మామూలు బావళ్ కాదు. ఎంత తినాలో ఈ మేకకు తెలుసు దీకరీ. నాకూ తెలియదు, నీకూ తెలియదు. దానికే తెలుసు."

లేచి, గాఘ్రా దులుపుకుని, మళ్ళీ అదే మాట అంది. "ఫర్వా దే." తాడు విప్పి తన భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. మేకను మాత్రం వదిలిపెట్టింది.

హోలీ రంగుల రోజు మిల్లుకు సెలవు. సోమలింగం పొద్దున్నే గొడ్డలి భుజాన వేసుకున్నాడు.

"ఏడికయ్యా?"

"ఆ కంపుతుమ్మ సంగతి జూస్త. మొదలంటా తీసేస్తె పీడ పోతది."

జమున ఓ గిన్నెలో పెరుగన్నం కలుపుకుని, పిల్లను ఎత్తుకుని, ధోళిని తాడు లేకుండా ముందు నడవనిచ్చి అతని వెనకే బయల్దేరింది. రోడ్డు దాటేటప్పుడు కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి మేక అవతల నిలబడి, ఏమైంది ఇంతసేపు అన్నట్టు చూస్తోంది.

గట్టు మీద ఎవరూ లేరు. దూరంగా జీవీ బా మంద. ధోళి నేరుగా పెద్ద పొద దగ్గరికి పోయింది. జమున కేక వేయబోయి ఆగింది. మేక పెదవులతో ముళ్ళను పక్కకు నెట్టి, ముదురాకు ఒక నోరు తింది. రెండు. మూడు. ఇంకొకటి. అంతే, మొహం తిప్పి అవతలి గడ్డి దుబ్బు దగ్గరికి పోయింది. లేత పిలకలు కాలికి తగులుతున్నా ముట్టలేదు. అక్కణ్ణించి ఎండుటాకులు, అక్కణ్ణించి ఇంకేదో తీగ. చాలాసేపటికి గానీ రెండో తుమ్మ వైపు రాలేదు.

సోమలింగం గొడ్డలి ఎత్తాడు.

"ఆగవయ్యా."

"ఏందే? నీ మేకను సంపబోయింది గిదే గదా!"

"అది సంపలే. దాని జాగల అది ఉన్నది. కొరుక్కున్నోళ్ళకు నాలుగు నోళ్ళు పెడతనే ఉన్నది. నేనే మూటగట్టి, చెవి పట్టి తినిపిచ్చిన."

"అయితె దండం పెట్టి పొమ్మంటవా?"

"ఇప్పుడు నరికితె మళ్ళ లేత పిలకలే లేస్తయి. ఇంకింత ఇసం పెంచుకుంటది. ఇన్నవు గదా డాక్టర్ జెప్పింది. నీకు బుద్ధి లేకుంటె లేకపాయె, దానికున్నది."

సోమలింగం పొదను కింద నుంచి పైదాకా చూశాడు. పసుపు పూల మీద తేనెటీగలు. గొడ్డలి దించి, దాని మీదే కూచున్నాడు. "నిజమే. గిది మా మిల్లుల ఉంటె, మాస్టర్‌ను ఇంటికి పంపుతుండె," అన్నాడు.

జమున నవ్వింది. పిల్లను నీడలో కూచోబెట్టి పెరుగన్నం ముద్ద అందించింది. సాయిప్రియ తింది. రెండో ముద్ద తింది. మూడో ముద్ద సగం తిని మొహం తిప్పుకుంది.

జమున చెయ్యి ముద్దతో సహా ఆ మొహం వెంట పోయింది. అలవాటైన చెయ్యి. రెండో చెయ్యి పిల్ల ముక్కు దాకా లేచింది. అక్కడ కాసేపు గాలిలోనే నిలిచింది. తరవాత ఆ ముద్దను పక్కనున్న మొగుడి వైపు తిప్పింది.

"నువ్వు తిను."

"ఎందుకే, నేను తినకుంటె నా ముక్కు గూడ మూస్తవా?"

సాయిప్రియ లేచి, తప్పటడుగులు వేస్తూ మేక వెనక బయల్దేరింది. పొదకు రెండు మూరల దూరంలో ఆగి, పసుపు పూల వైపు చూసింది. ముళ్ళున్నాయి. జమున లేవబోయింది. మళ్ళీ కూచుంది. పిల్ల ఒక వేలు చాచి, ముల్లు మొనను మెల్లగా తాకి, చెయ్యి వెనక్కి తీసుకుంది. వేలును కాసేపు పరీక్షగా చూసుకుని, పొదను చుట్టి నడిచింది.